ఒక డిస్కు అటక మీద, ఇంకోటి జయపురంలో: ఎనిమిదేళ్ళ వాడకం

నేను హార్మోనిస్టుని. ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడి. ఈ ఊళ్ళో పెట్టె వాయించేవాడికి ఒక రాత్రి తెలుగు పద్యనాటకం, మర్నాడు ఒడియా భజన, మధ్యలో గుణుపురం నుంచో పాతపట్నం నుంచో హరికథకి పిలుపు. వెళ్ళిన ప్రతిచోటా పెట్టె పక్కన చిన్న రికార్డరు పెట్టడం 2013 నుంచి అలవాటు. దానికి తోడు నాన్న వదిలి వెళ్ళిన క్యాసెట్లు నూటపైనే. వీటన్నిటినీ పోర్టబుల్ డిస్కుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు దాటింది. మూడు డిస్కులు కొన్నాను, ఒకటి పోయింది. "ఏ కంపెనీది కొనమంటారు మాస్టారూ" అని శిష్యులు అడుగుతుంటారు. ఆ సంగతి తర్వాత చెప్తాను, అది అన్నిటికన్నా చిన్నది.

చోటు గురించి అందరూ అనవసరంగా టెన్షన్ పడతారు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో వేవ్ ఫైలు, అంటే ఏమీ కుదించని ఫైలు, గంటకి 1 జీబీ కంటే కొంచెం ఎక్కువ. మూడు గంటల హరికథ 3 జీబీ పైచిలుకు. క్యాసెట్లని 16 బిట్, 44.1లో తీసుకుంటే చాలు, గంటకి సుమారు 635 ఎంబీ. నాన్నగారి క్యాసెట్లన్నీ కలిపినా 110 జీబీ దాటవు. నాలాంటివాడికి 1 టీబీ చాలా ఏళ్ళు వస్తుంది. "అన్నీ ఎంపీ3 చేసి పడేయండి" అని సౌండు సిస్టం కుర్రాడు సలహా ఇచ్చాడు. 128 కేబీపీఎస్‌లో ఒక భజన అలా చేసి చూశాను. గొంతు పర్వాలేదు గానీ, తాళాల మోత మాత్రం గొట్టంలో నీళ్ళు పారినట్టు జలజలమంటోంది. ఒకసారి అలా అయ్యాక మళ్ళీ వెనక్కి రాదు. అందుకని అసలు ఫైలు వేవ్‌లోనే ఉంచి, పాతవాటిని ఫ్లాక్ చేశాను. ఫ్లాక్‌లో నాదం ఏమీ పోదు, సైజు ఇంచుమించు సగానికి వస్తుంది, పాట వివరాలు తెలుగులోనే రాసి లోపల పెట్టుకోవచ్చు. ఎంపీ3 అనేది వాళ్ళకీ వీళ్ళకీ పంపడానికి మాత్రమే.

నాకు అసలు దెబ్బ తగిలింది పేర్ల దగ్గర. రికార్డరు తన ఫైళ్ళకి 000, 001 అని పేర్లు పెట్టుకుంటుంది. కొత్త కార్డు వేస్తే మళ్ళీ 000 నుంచి మొదలు. ఒక వేసవిలో రెండు కార్డుల్లో ఉన్నవి ఒకే ఫోల్డర్‌లో వేస్తుంటే "రీప్లేస్ చేయాలా" అని అడిగింది. నిద్రమత్తులో ఎస్ నొక్కాను. గుణుపురంలో ఒక ముసలి భాగవతారు గారు పాడిన రాత్రి మొత్తం అలా పోయింది, ఆయన మళ్ళీ పాడలేదు. తేదీ చూసి వెతుక్కోవచ్చులే అనుకోవద్దు. బ్యాటరీలు తీసేసి చాలాకాలం ఉంచితే రికార్డరు గడియారం మొదటికి పోతుంది, ఆపైన తీసినవన్నీ ఎప్పటివో తేదీలతో కనిపిస్తాయి.

ఇప్పుడు ఫైలు పేరు నేనే రాస్తాను, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. 2022-04-10, గుణుపురం, శ్రీరామనవమి, శ్రుతి నాలుగున్నర, భాగం 1. శ్రుతి ఎందుకంటే, ఒకే పద్యాన్ని ఇద్దరు నటులు ఎంతెంత శ్రుతిలో ఎత్తుకున్నారో వెతకాలంటే నాకు అదే ఆనవాలు. భాగం అని ఎందుకంటే, నా రికార్డరు ఫైలు 2 జీబీ కాగానే, అంటే రెండు గంటలు దాటగానే, దానంతట అదే కొత్త ఫైలు మొదలుపెడుతుంది. హరికథ రెండు ముక్కలవుతుంది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తున్నాను, తెలుగులో రాస్తే కారు స్టీరియోలో డబ్బాలు కనిపిస్తాయి. కానీ స్పెల్లింగు ఒక్కటే ఉండాలి. మా ఊరినే మనం పర్లాకిమిడి అంటాం, ఒడియావాళ్ళు పరలాఖెముండి అంటారు. రెండు రకాలుగా రాసుకున్నందుకు వెతికినప్పుడల్లా సగమే దొరికేవి.

క్యాసెట్ల దగ్గర ఇంకో తప్పు. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మేనల్లుడు ఇరవై దాకా ఎక్కించి "అయిపోయింది మావయ్యా" అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో ఉన్నవి ఒట్టి ప్రాజెక్టు ఫైళ్ళు. 3.0 కంటే ముందు వెర్షన్లలో అసలు ధ్వని పక్కనున్న డేటా ఫోల్డర్‌లో ఉండేది, దాన్ని వాడు కాపీ చేయలేదు, పైగా కంప్యూటర్ ఫార్మాట్ చేశాడు. ఇరవై క్యాసెట్లు మళ్ళీ వాయించుకుంటూ కూర్చున్నాం. సీ-90 అంటే అటు నలభై ఐదు, ఇటు నలభై ఐదు నిమిషాలు, తొందరపెట్టడానికి లేదు. ప్రాజెక్టు ఫైలుని నమ్ముకోకండి, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి అది దాచండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధిలో మోకాలు లోతు నీళ్ళు. డిస్కు ట్రంకుపెట్టెలో పెట్టి అటక మీద ఉంచాను కాబట్టి బతికింది. కింది అరలో ఉన్న క్యాసెట్లు తడిసిపోయాయి. రెండో కాపీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను గానీ, ఆ కాపీ ఉన్నది ఎక్కడ? పలాసలో, మా అక్క ఇంట్లో! రెండు కాపీలూ ఒకే తుఫాను కింద పెట్టానన్నమాట. నాలుగు రోజులు ఫోను కలవలేదు. కలిశాక డిస్కు గురించి అడగడానికి నోరు రాలేదు, వాళ్ళింటి రేకులు లేచిపోయాయి. తర్వాత తనే చెప్పింది, బీరువాలో పొడిగానే ఉందని. అప్పటినుంచి రెండోది ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశా కొండల్లోని జయపురం పోయింది, బావ దగ్గరికి. దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఆ డిస్కు తెప్పించి కొత్తవి ఎక్కిస్తాను.

పోయిన డిస్కు 2016లో బరంపురంలో కొన్నది, పేరున్న కంపెనీదే. ఐదో ఏట బల్ల మీంచి జారి పడింది. పడ్డప్పుడు తిరుగుతోంది. ఆ తర్వాత టిక్ టిక్ అనడమే తప్ప తెరుచుకోలేదు. లోపలివి బయటికి తీయడానికి అడిగిన రేటుకి కొత్తవి నాలుగు వస్తాయి. జయపురం కాపీ ఉంది కాబట్టి నమస్కారం పెట్టి వచ్చేశాను.

దాని స్థానంలో సామ్‌సంగ్ టీ7, 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. 58 గ్రాములు, లాల్చీ జేబులో పడుతుంది, లోపల తిరిగేది ఏమీ లేదు కాబట్టి బస్సు కుదుపులకి భయం లేదు. సెకనుకి 1,050 ఎంబీ అని రాసిన వేగం మాత్రం మన పనికి అక్కర్లేదు, రికార్డరు కార్డు అంత వేగంగా చదవబడితే కదా. ఒక మాట: ఏ కంపెనీ ఎస్ఎస్‌డీ అయినా ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా అలమారాలో పడేస్తే అందులోది చెరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే అది తిరుగుళ్ళకి. జయపురంలో ఉండేది మామూలు హార్డ్‌డిస్కే, చవక కూడా.

రెండు డిస్కులూ ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకున్నాను. నా విండోస్‌లోనూ, స్టూడియోవాళ్ళ మ్యాక్‌లోనూ తెరుచుకుంటాయి, ఫ్యాట్32లాగా 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోదు. కానీ కాపీ మధ్యలో వైరు ఊడితే ఎక్స్‌ఫ్యాట్ తేలిగ్గా కోలుకోదు. ఎజెక్ట్ చేయకుండా లాగకండి. కాపీకి టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, వెరిఫై పెడితే వేసింది సరిగ్గా పడిందో లేదో అదే సరిచూస్తుంది. విండోస్‌తో వచ్చే రోబోకాపీలో మిర్ ఆప్షన్ జోలికి మాత్రం పోను. ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడ కూడా చెరిపేస్తుంది, అది అద్దం పని, బ్యాకప్ పని కాదు. క్లౌడ్‌లో గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో బాగా ముఖ్యమైనవి ఓ పాతిక ఉంచాను.

వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ సంచులు వేస్తాను. డీవీడీలు మాత్రం వద్దు. ఈ ఊళ్ళో ఉండి గిడుగు రామమూర్తి గారు కట్టిన సవర భాష నిఘంటువు 1938 నాటి అచ్చు ఇప్పటికీ చదువుకోవచ్చు. నేను 2011లో రాసిన డీవీడీ ఏ మెషీనూ చదవడం లేదు.

క్యాసెట్లు ఇంకా ముప్పై ఆరు మిగిలాయి, అందులో తడిసినవే ఎక్కువ. పదిహేను రోజుల్లో బావ వస్తాడు. ఈ సీజన్లో తీసిన ఫైళ్ళు కొన్ని ఇంకా 003, 004 అనే ఉన్నాయి, ఈలోగా వాటికి పేర్లు రాయాలి.