ట్రస్టు చట్టాలను పోల్చి చదవడానికి హేగ్ ఒడంబడిక ఎంతవరకు అక్కరకొస్తుంది?

రకరకాల దేశాల ట్రస్టు చట్టాలను పక్కపక్కన పెట్టి చదవాలనుకునేవాళ్లకు మొదట దొరికే సరంజామా 1985 జులై 1 నాటి హేగ్ ట్రస్టుల ఒడంబడికే. ట్రస్టు అంటే ఒకరు (ట్రస్టీ) ఆస్తిని చేతిలో ఉంచుకుని ఇంకొకరి (లబ్ధిదారు) మేలు కోసం నడిపే ఏర్పాటు; దానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేల్చే అంతర్జాతీయ ఒప్పందం ఇది. మొత్తం 32 ఆర్టికల్స్. అసలు పాఠం, దాని మీద ఫాన్ ఓవర్‌బెక్ రాసిన వివరణ నివేదిక, ఏ దేశం ఎప్పుడు చేరిందో చూపే పట్టిక, ఈ మూడూ ఒడంబడికను రూపొందించిన అంతర్జాతీయ సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో ఉచితం. పాఠం ఒక్క పూటలో అయిపోతుంది. నివేదిక పక్కన లేకపోతే మాత్రం సగం కూడా ఎక్కదు.

అన్నిటికన్నా పనికొచ్చేది ఆర్టికల్ 2. ఆస్తిని ట్రస్టీ 'అదుపులో' ఉంచాలంటుందే గానీ, బదిలీ చేసి తీరాలనదు. ఈ ఒక్క మాట పట్టుకుని మిగతా చట్టాలు తెరవండి. భారత ట్రస్టుల చట్టం, 1882 సెక్షన్ 3 ప్రకారం ట్రస్టు అంటే ఆస్తి యాజమాన్యాన్ని అంటిపెట్టుకుని ఉండే బాధ్యత. యజమాని ట్రస్టీయే, లబ్ధిదారుకు ఉన్నది అతని మీద హక్కు. క్యూబెక్ సివిల్ కోడ్ ఆర్టికల్ 1261కి వస్తే ఆ ఆస్తి ఎవరిదీ కాదు, తనంతట తానుగా నిలబడే ఆస్తి. చైనా 2001 చట్టం ఆర్టికల్ 2 'అప్పగించడం' అని ఊరుకుంది, యజమాని ఎవరన్న వాదన అక్కడే మొదలవుతుంది. లీగల్ (ట్రస్టీ పేరు మీద ఉండేది), ఈక్విటబుల్ (లబ్ధిదారు అనుభవించేది) అని రెండు యాజమాన్యాలు లేకుండా ట్రస్టే లేదని ఇంగ్లిష్ లా నుంచి బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ తల తిరుగుతుంది. తిరగాలి కూడా.

చాలామంది బోల్తాపడే చోటు ఆర్టికల్ 4. వీలునామా ద్వారా ట్రస్టు పెట్టారనుకోండి. ఆ వీలునామా చెల్లుతుందా, ఆస్తి ట్రస్టీకి సరిగ్గా చేరిందా అన్నవి ఒడంబడిక పరిధిలోకి రావు. రాకెట్ (ట్రస్టు) వేరు, దాన్ని ప్రయోగించే యంత్రం (వీలునామా, ఆస్తి బదిలీ) వేరు అన్న పోలిక ఇక్కడ వాడతారు. రాకెట్ పైకి లేచాకే ఆర్టికల్ 6 (ట్రస్టు పెట్టినవారు ఎంచుకున్న చట్టం), ఆర్టికల్ 7 (ఎంచుకోకపోతే ట్రస్టుతో దగ్గరి సంబంధం ఉన్న చట్టం)ల పని. ఇది గమనించకుండా నేరుగా ఆర్టికల్ 6కి వెళ్తే జవాబు మొత్తం తప్పుతుంది. ఆర్టికల్ 15 కూడా వదలొద్దు: వారసులకు తప్పనిసరిగా చెందాల్సిన వాటా, దివాలాలో అప్పులవాళ్ల రక్షణ లాంటివి ట్రస్టును దాటి నిలబడేది దాని వల్లే.

పట్టికను జాగ్రత్తగా చూడాలి. ఫ్రాన్స్ పేరు కనబడుతుంది, కానీ అది సంతకం మాత్రమే, ధ్రువీకరణ లేదు. చైనా పేరూ ఉంటుంది, వర్తించేది హాంకాంగ్‌కే. ఫ్రాన్స్ 2007లో తెచ్చుకున్న, ఆస్తిని నమ్మకం మీద అప్పగించే ఒప్పందమైన 'ఫిదుసీ'ని ట్రస్టు అని అనువదించేయడం ఇంకో పొరపాటు. ఉచితంగా ఇచ్చే ఉద్దేశంతో పెడితే అది చెల్లదని ఫ్రెంచ్ సివిల్ కోడ్ ఆర్టికల్ 2013 అంటుంది. అంటే పిల్లలకు ఆస్తి పంచిపెట్టే ట్రస్టుకు అక్కడ చోటే లేదు.

ఇక లోటు: ఏ చట్టం వర్తిస్తుందో చెప్తుందే తప్ప, ఆ చట్టం లోపల ఏముందో ఒడంబడిక నేర్పదు. ఇంగ్లండ్‌లో సాండర్స్ వర్సెస్ వాటియర్ (1841) కేసులో 25 ఏళ్లకు అందాల్సిన ఈస్టిండియా స్టాకును 21కే అడిగితే కోర్టు ఇప్పించింది. మసాచుసెట్స్‌లో క్లాఫ్లిన్ (1889) కేసులో కొడుకు ముందుగా అడిగితే, తండ్రి పెట్టిన గడువు గడువేనంది. మన 1882 చట్టంలోని సెక్షన్ 56 ఇంగ్లండ్ దారి పట్టింది. ఇలాంటి పోలికకు తీర్పులే తిరగేయాలి. తిరగేసేటప్పుడు ఒకటి చూసుకోండి: 'ఆ వయసుకు ముందే పోతే ఫలానావారికి' అన్న షరతు పత్రంలో ఉందా? ఉంటే ఆ ఫలానావారూ లబ్ధిదారే, వారి ఒప్పుదల లేకుండా ముందుగా అడిగే హక్కు ఒక్కడికి రాదు.