హెడ్‌లైట్లకు రిలే కిట్ వేయించుకునేవారు ఫ్యూజు రంగు చూసుకోండి

ఆటోనగర్‌లో పాత కార్ల ఎలక్ట్రికల్ సామాను అమ్మే ఆ దుకాణం పేరు నేను చెప్పకపోయినా మీలో చాలామందికి తెలిసిపోతుంది. నా 2004 మోడల్ మారుతీ 800కి లైట్లు మసకగా ఉన్నాయని పోయిన వారం అక్కడే రిలే కిట్టు (పాత సన్నతీగల మీద భారం పడకుండా, బ్యాటరీ నుంచి లావు తీగ ద్వారా లైట్లకు కరెంటు ఇచ్చే స్విచ్చి), బల్బులు కొని, వాళ్ల చేతనే బిగించుకున్నాను. రెండు రోజులకే ఫ్యూజు పోయింది. మళ్లీ వెళితే అయిదు నిమిషాల్లో సరిచేసి, "ఇక పోదు సార్" అని పంపించాడు.

నిన్న రాత్రి దారిలో, వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతుండగా, స్టీరింగు కింద నుంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. బండి పక్కకు ఆపి, బ్యాటరీ తీగ ఊడదీసి టార్చి వేసి చూస్తే, ఫ్యూజు పెట్టె మూత మీద 15 అని ఉన్న గడిలో నీలం ఫ్యూజుకు బదులు ఆకుపచ్చది, అంటే 30 ఆంపియర్లది ఉంది. దాని వెనక తీగ తొడుగు కరిగి పక్క తీగకు అతుక్కుపోయింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

ఫ్యూజు ఉన్నదే తీగ కాలకముందు తాను కాలిపోవడానికి. 60 వాట్ల బల్బులు రెండూ కలిసి 10 ఆంపియర్లు తీసుకుంటాయి, కానీ అతను అంటగట్టినవి 100 వాట్లవి కాబట్టి దాదాపు 17 లాగుతున్నాయి. రిలేలో కరెంటు లోపలికి వచ్చే కాలికి (దాని మీద 30 అని ఉంటుంది, అది ఆంపియర్ల లెక్క కాదు) బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ, దానికి విడిగా ఫ్యూజు ఇవ్వవలసి ఉండగా, పాత ఫ్యూజు పెట్టెలోని సన్నతీగ నుంచే కలిపాడు. ఇక రిలే వేసిన ప్రయోజనం ఏముంది?

పొద్దున కాలిన తీగ ముక్క చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోలేదు. "మాటిమాటికీ ఫ్యూజు పోతోందన్నది మీరే కదా, పోకుండా చేశాను, దానికి డబ్బులు కూడా తీసుకోలేదు" అన్నాడు, నలుగురి ముందు. ఆ మాట ఇంకా మంటగానే ఉంది. మొదటిసారి ఫ్యూజు పోయినప్పుడు ఎందుకు పోయిందని నేను ఒక్క మాట అడగకపోవడం నా తప్పే.

రిలే వేయించుకున్నవారు ఈరోజే మూత తీసి, ప్రతి గడిలో రాసిన అంకె, అందులోని ఫ్యూజు మీది అంకె ఒకటేనా అని చూడండి. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.