ఫ్యూయల్ ఫ్లో మీటర్: ఆరేళ్లు, 410 గంటలు వాడాక

రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్ ఉన్న నా రెండు సీట్ల హోమ్‌బిల్ట్‌లో (ఫ్యాక్టరీలో కాక సొంతంగా కట్టుకునే చిన్న విమానం) ఈ మీటర్ బిగించి ఆరేళ్లయింది. మంచి పరికరమే, పెట్టుకోమనే చెబుతాను. అయితే ట్యాంకులో ఎంతుందో దానికి తెలియదు. పైపులోంచి ఎంత పోయిందో లెక్కపెట్టి, మొదట మనం ఎక్కించిన అంకెలోంచి తీసేస్తుంది, అంతే. ఈ సంగతి నాకు ఒక పొలంలో దిగాక గానీ ఒంటబట్టలేదు.

ఆ రోజు విమానం ముక్కు పల్లంవైపు ఉండగా పెట్రోలు పోశాను. నా ట్యాంకు మూత ముందువైపు ఉంటుంది. మూతి దాకా రాగానే నిండిందనుకుని ‘ఫుల్’ బటన్ నొక్కాను, మీటర్ 60 లీటర్లు చూపించింది. వెనక మూలంతా ఖాళీయే. ఇంజన్ దగ్గి ఆగిపోయినప్పుడు తెరమీద ఇంకా 11 లీటర్లున్నాయి. గంటకు 19 లీటర్ల లెక్కన అరగంట పైమాటే!

ముందు ముక్కు దించి గ్లైడ్ వేగం, అంటే ఇంజన్ లేకుండా తేలుతూ దిగే వేగం, పట్టుకున్నాను. చిన్న విమానాల్లో బరువు తక్కువ, గాలి ఒరిపిడి ఎక్కువ, అందుకే ఇంజన్ ఆగితే వేగం చూస్తుండగానే పడిపోతుంది. కోత అయిపోయిన చేను ఒకటి గాలికి ఎదురుగా దొరికింది. ఫ్యూయల్ వాల్వు కట్టేసి, మొత్తం కరెంటు కట్టేసే మాస్టర్ స్విచ్ ఆపి, తలుపు గడియ ముందే తీసి పెట్టాను. ఫ్రేము వంగితే తలుపు ఇరుక్కుపోతుంది కదా. ముందు చక్రం కాలు వంగింది, ఇద్దరం క్షేమంగా దిగాం. పక్క సీట్లో మా తమ్ముడున్నాడు. వాడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత విమానాన్ని సమంగా నిలబెట్టి, ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ ఒక చెక్కపుల్ల మీద గీతలు పెట్టుకున్నాను. ఇంజన్ లాగలేని అడుగు పెట్రోలును లెక్కలోంచి తీసేశాను. పుల్లకీ మీటర్‌కీ రెండు లీటర్లకు మించి తేడా వస్తే కారణం తెలిసేదాకా ఎగరను. అమెరికా నిబంధన పగటి విజువల్ ఫ్లైట్‌కు (కంటితో బయటికి చూస్తూ నడిపేది) 30 నిమిషాల రిజర్వ్, అంటే మిగులు పెట్రోలు, చాలంటుంది, నేను గంట ఉంచుతాను.

బిగించేవారికి ఒక మాట: ఈ ఇంజన్‌కు రిటర్న్ లైన్ ఉంటే ట్యాంకుకు తిరిగొచ్చే పెట్రోలు కూడా ఖర్చు కిందే పడుతుంది. మొదట్లో నాకు గంటకు 25 చూపించేది. రిటర్న్‌లో రెండో సెన్సర్ పెట్టాక కుదురుకుంది. ఎండలో తెర సరిగా కనపడదు, అది సర్దుకోవచ్చు. ‘ఫుల్’ బటన్ మాత్రం ఇక ముట్టుకోను. పుల్ల చూపిన అంకెనే చేత్తో ఎక్కిస్తాను.