రీపర్ రివ్యూ: సాంపిల్ ప్యాక్‌లు చేసి అమ్ముకునేవాళ్ళ వైపు నుంచి

సాంపిల్స్, అంటే వేరేవాళ్ళు తమ పాటల్లో, వీడియోల్లో వాడుకునే చిన్న చిన్న సౌండ్ ఫైళ్ళు, చేసి అమ్ముదాం అనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ మైక్ కొనాలి, ఏ సింథ్ (సౌండ్‌ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాద్యం) కొనాలి అని. కానీ ఈ పనిలో టైమ్ అంతా మింగేసేది రికార్డింగ్ కాదు, దాని తర్వాత ఉండే చాకిరీ. ప్యాక్‌లో రెండొందల ఫైళ్ళుంటే ఆ రెండొందలకీ మొదలు కోయాలి, చివర కోయాలి, లెవెల్ చూడాలి, పేరు పెట్టాలి, ఎక్స్‌పోర్ట్ చేయాలి, మళ్ళీ ఒక్కోటీ వినాలి. ఒక్కో సౌండ్ మీద వచ్చేది చిన్న మొత్తం కాబట్టి ఒక్కో ఫైల్ దగ్గర ఎంతసేపు కూర్చున్నామన్నదే మనకి గిట్టుబాటు అయిందా లేదా అని తేలుస్తుంది. అందుకే రీపర్ అనే ఆడియో రికార్డింగ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని పాటలు చేసేదిగా కాకుండా ఈ చాకిరీ తగ్గించే పనిముట్టుగా చూసి రాస్తున్నా. మిక్సింగ్ గురించి, మిడి గురించి ఇక్కడ పెద్దగా ఉండదు.

ముందు డబ్బు సంగతి. 60 రోజులు పూర్తిగా ఫ్రీ, ఏ ఫీచర్‌కీ తాళం ఉండదు. తర్వాత లైసెన్స్ రెండు రకాలు, సొంతంగా వాడుకునేవాళ్ళకీ, ఏడాదికి 20,000 డాలర్ల లోపు ఆదాయం ఉండి కమర్షియల్‌గా వాడేవాళ్ళకీ 60 డాలర్లు, అది దాటితే 225. రెండిట్లో సాఫ్ట్‌వేర్ ఒకటే, తేడా ఏమీ లేదు. వెర్షన్ 7కి కొన్న లైసెన్స్ 8.99 దాకా నడుస్తుంది, నెలనెలా సబ్‌స్క్రిప్షన్ గోల లేదు. అరవై రోజులు అయ్యాక కూడా ఓపెన్ అవుతుంది, మొదట్లో కొన్ని సెకన్లు ఒక నోటీస్ చూపిస్తుంది అంతే, దాంతో డబ్బు కట్టకుండా ఏళ్ళ తరబడి వాడేస్తున్నవాళ్ళు ఉన్నారు. నా మాట అడిగితే మన ప్యాక్‌ని ఎవరో పైరసీ చేస్తే కడుపు మండిపోయే మనం, ఇక్కడ మొదటి ప్యాక్ అమ్ముడుపోగానే ఈ అరవై కట్టేయాలి. విన్‌యాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ కంపెనీ కాకోస్ చేసింది ఇది, 2006లో 1.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతిలో అమ్ముతున్నారు, ఆ నమ్మకానికి మనం విలువ ఇవ్వాలి.

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చెప్తా. ఒక చెక్క పెట్టె మీద చేత్తో కొట్టిన సౌండ్స్ ప్యాక్ అనుకోండి. రికార్డ్ నొక్కి మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా అలా ఒక్కో లెవెల్‌లో నాలుగైదు దెబ్బలు, మధ్యలో సౌండ్ పూర్తిగా ఆగేదాకా ఆగుతూ ఒకే పొడుగాటి టేక్ తీసుకుంటాం. చేత్తో అయితే ఒక్కో దెబ్బ దగ్గరికి జూమ్ చేసి కోసుకుంటూ పోవాలి. రీపర్‌లో డైనమిక్ స్ప్లిట్ అని ఉంది, ఆ ఐటెమ్ (ట్రాక్ మీద ఉన్న ఆ రికార్డింగ్ ముక్క) మీద దాన్ని ఓపెన్ చేసి గేట్ త్రెషోల్డ్ (ఎంత లెవెల్ కంటే తగ్గితే ఖాళీగా లెక్కేయాలో ఆ హద్దు) సెట్ చేస్తే ఎక్కడెక్కడ కోయబోతోందో వేవ్‌ఫామ్ మీద ముందే గీతలు గీసి చూపిస్తుంది, త్రెషోల్డ్ జరిపితే గీతలూ జరుగుతాయి. మధ్యలో ఖాళీ తీసేయమని టిక్ పెడితే తీసేస్తుంది. ఇక్కడ అసలైన సెట్టింగ్స్ లీడింగ్ ప్యాడ్, ట్రెయిలింగ్ ప్యాడ్, అంటే దెబ్బకి ముందు, తర్వాత ఎంత వదిలి కోయాలో. ముందు వైపు ప్యాడ్ దాదాపు సున్నా ఉండాలి, ఎందుకంటే వన్-షాట్ (ఒక్కసారి మోగి ఆగిపోయే ఒంటి సౌండ్) మొదట్లో పది మిల్లీసెకన్ల ఖాళీ ఉన్నా కొన్నవాళ్ళు దాన్ని గ్రిడ్ (బీట్లని చూపించే గీతలు) మీద పెట్టినప్పుడు దెబ్బ ఆలస్యంగా పడుతుంది, వాళ్ళకి కారణం తెలియకపోయినా ఆ సౌండ్ బాలేదని పక్కన పడేస్తారు. చివర మాత్రం ధారాళంగా వదిలి పెట్టాలి, లేకపోతే తోక తెగిపోయి టక్‌మని క్లిక్ వినిపిస్తుంది. అక్కడ చిన్న ఫేడ్ (సౌండ్ మెల్లగా సున్నాకి తగ్గడం) కూడా తప్పనిసరి.

ముక్కలయ్యాక లెవెల్స్. చాలా ప్యాక్‌లు చెడిపోయేది ఇక్కడే, ప్రతి ఫైల్‌నీ విడివిడిగా నార్మలైజ్ చేసేస్తారు, అంటే అన్నిటినీ ఒకే గరిష్ఠ లెవెల్‌కి పెంచేస్తారు, దాంతో మెల్లగా కొట్టిన దెబ్బ, గట్టిగా కొట్టిన దెబ్బ ఒకే లెవెల్‌కి వచ్చి కూర్చుంటాయి, ఇంక వెలాసిటీ లేయర్లు (మెల్లగా, గట్టిగా కొట్టిన వేరు వేరు స్థాయిలు) రికార్డ్ చేసి ఏం లాభం. రీపర్‌లో కామన్ గెయిన్‌తో నార్మలైజ్ చేసే ఆప్షన్ వేరేగా ఉంది, సెలెక్ట్ చేసిన అన్నిటికీ ఒకే మొత్తం పెంచుతుంది, మధ్యలో తేడాలు అలాగే ఉంటాయి. చిన్న విషయమే కానీ శాంప్లర్‌లో (సాంపిల్స్‌ని కీబోర్డ్ మీద వాయించనిచ్చే సాఫ్ట్‌వేర్) వేసి వాయించేవాళ్ళకి ప్యాక్ ప్రాణం ఉన్నట్టు వినిపించేది దీని వల్లే.

తర్వాత రీజియన్లు, అంటే టైమ్‌లైన్ మీద ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని పేరు పెట్టి గుర్తించిన భాగాలు. ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఫ్రీ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసుకుంటే సెలెక్ట్ చేసిన ఐటెమ్స్ అన్నిటికీ, ఐటెమ్ పేరే రీజియన్ పేరుగా, ఒక్క క్లిక్‌లో రీజియన్లు తయారవుతాయి. ఆ తర్వాత రీజియన్ రెండర్ మ్యాట్రిక్స్‌లో ఏ రీజియన్ ఏ ట్రాక్ నుంచి బయటికి రావాలో టిక్ పెట్టి రెండర్ (ఫైళ్ళుగా బయటికి తీయడం) నొక్కితే చాలు, అన్నీ వరసగా వేరు వేరు వేవ్ ఫైళ్ళుగా ఫోల్డర్‌లో పడతాయి. నేను రీపర్‌ని వదలకపోవడానికి మొదటి కారణం ఇదే అని గట్టిగా చెప్తా. సౌండ్ మార్చాలనిపిస్తే ట్రాక్ మీద ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దే టూల్) కొంచెం తిప్పి మళ్ళీ రెండర్ కొడితే ప్యాక్ మొత్తం కొత్తగా వస్తుంది, ఒక్కో ఫైల్ తెరిచి మార్చే పని లేదు.

ఫైల్ పేర్లలో వైల్డ్‌కార్డులు వాడొచ్చు, అంటే డాలర్ గుర్తు పెట్టి రీజియన్ అనో ట్రాక్ అనో టెంపో అనో రాస్తే ఆ జాగాలో అసలు పేరు, అసలు బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు అనే వేగం) వచ్చి చేరతాయి. ఇది సోకు కోసం కాదు. స్ప్లైస్ లాంటి క్రెడిట్స్ మీద నడిచే స్టోర్లలో కొనేవాళ్ళు ప్యాక్ మొత్తం కొనరు, వెతికి ఒక్కో సౌండ్ విడిగా తీసుకుంటారు, వెతికేది కూడా ఇన్‌స్ట్రుమెంట్, బీపీఎం, కీ (శ్రుతి, స్కేల్) పెట్టి. అక్కడ మన కవర్ ఆర్ట్‌నీ డిస్క్రిప్షన్‌నీ తిరిగి చూసేవాడు ఉండడు, మన సరుకుని అమ్మిపెట్టేది ఆ ఫైల్ పేరే. నేను పంపిన ప్యాక్‌ని ఒక స్టోర్ వాళ్ళు సౌండ్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా, పేర్లు వాళ్ళ పద్ధతిలో లేవని వెనక్కి పంపారు, అది కూడా వారాలు ఆపి. కారణం సరైనదే కావచ్చు, ఆ ఆలస్యం మాత్రం అన్యాయం. అప్పుడు రీపర్‌లో వైల్డ్‌కార్డ్ లైన్ ఒక్కటి మార్చి మొత్తం మళ్ళీ రెండర్ చేసి పంపేశా. సౌండ్ ఎఫెక్ట్స్ అమ్మేవాళ్ళకి యూనివర్సల్ కేటగరీ సిస్టమ్ అని ఉంది కదా, తలుపు, నీళ్ళు, వాహనం అంటూ కోడ్‌లతో పేర్లు పెట్టే పద్ధతి, దాని ప్రకారం పేర్లు పెట్టే స్క్రిప్ట్ కూడా రీపర్ యూజర్లే రాసి ఫ్రీగా పెట్టారు, రీపర్ స్క్రిప్టుల్ని ఇన్‌స్టాల్ చేసిపెట్టే రీప్యాక్ ద్వారా దించుకోవచ్చు.

లూప్స్, అంటే మళ్ళీ మళ్ళీ తిప్పి వాడుకునే సంగీతం ముక్కలు, చేసేవాళ్ళు ఇది శ్రద్ధగా చదవండి. లూప్ నిడివి అంకె తప్పితే పనికిరాదు. 128 బీపీఎంలో నాలుగు బార్లు (బార్‌కి నాలుగు బీట్ల లెక్కన) అంటే సరిగ్గా 7.5 సెకన్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో 3,30,750 శాంపిల్స్ (ఇక్కడ శాంపిల్ అంటే డిజిటల్ ఆడియోలో ఒక్క కొలత, మనం అమ్మే ఫైల్ కాదు), ఒకటి ఎక్కువ ఉండకూడదు ఒకటి తక్కువ ఉండకూడదు. గ్రిడ్‌కి స్నాప్ చేసి రీజియన్ గీస్తే ఆ లెక్క రీపరే చూసుకుంటుంది. అసలు చిక్కు రివర్బ్‌తో, అంటే గదిలో మోగినట్టు మిగిలే ప్రతిధ్వనితో, వస్తుంది. చివరి దెబ్బ రివర్బ్ లూప్ అయిపోయాక కూడా మోగుతూ ఉంటుంది, అక్కడ కోసేస్తే లూప్ తిరిగి మొదలైనప్పుడల్లా గోతిలో పడ్డట్టు వినిపిస్తుంది, కోయకుండా వదిలేస్తే నిడివి తప్పుతుంది. దీనికి రెండర్ విండోలో సెకండ్ పాస్ రెండర్ అని ఒక టిక్ ఉంది. అది లూప్‌ని రెండుసార్లు నడిపి రెండోసారిదే ఫైల్‌గా రాస్తుంది, అంటే మొదటిసారి మిగిలిన తోక రెండోసారి మొదట్లో కలిసిపోయి ఉంటుంది, ఎన్నిసార్లు తిప్పినా అతుకు తెలియదు. లూప్స్ అమ్మేవాళ్ళకి ఈ ఒక్క టిక్ కోసమైనా రీపర్ కొనమంటాను.

ఫార్మాట్ 24 బిట్ వేవ్ పెట్టుకోండి, మ్యూజిక్ సాంపిల్స్‌కి 44.1 చాలు, సౌండ్ ఎఫెక్ట్స్‌కి 96 కిలోహెర్ట్జ్ అడుగుతారు ఎందుకంటే అవి కొనేవాళ్ళు పిచ్ బాగా కిందికి దించి వాడతారు. లూప్స్‌ని ఎంపీ3లో మాత్రం ఇవ్వకండి, ఎన్‌కోడర్ మొదట్లో చివర్లో కొంచెం ఖాళీ కలుపుతుంది, లూప్ అతకదు. వేవ్ సెట్టింగ్స్‌లో ప్రాజెక్ట్ టెంపోని ఫైల్‌లోనే ఎంబెడ్ చేసే ఆప్షన్ ఉంది, దాన్ని లూప్స్‌కే పెట్టాలి. వన్-షాట్స్‌కి కూడా పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు కిక్‌ని కూడా టెంపోకి సాగదీస్తాయి. ఇంకోటి, ఒక్క మైక్‌తో తీసిన సౌండ్‌ని స్టీరియోగా రెండర్ చేస్తే ఫైల్ సైజ్ ఉత్తినే డబుల్ అవుతుంది, ఛానెల్స్ దగ్గర మోనో అని మార్చుకోండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవేం కాదు. మొదటిసారి ఓపెన్ చేసినవాళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు, మెనూల కింద మెనూలు, పైన నేను చెప్పిన ఫీచర్లు అన్నీ ఎక్కడో లోపల ఉంటాయి, యూజర్ గైడ్ బాగానే ఉంటుంది కానీ అది లావుపాటి పుస్తకం. కీ కనిపెట్టే టూల్ లేదు, మెలొడీ లూప్స్‌కి కీ మనమే చెవితో తేల్చి పేరులో రాసుకోవాలి. యాపిల్ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు వాడే యాపిల్ లూప్స్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయదు, కాంటాక్ట్ అనే శాంప్లర్‌లో నడిచే ఇన్‌స్ట్రుమెంట్‌గా అమ్మాలంటే ఆ పని బయట చేసుకోవాల్సిందే. రీశాంపులోమాటిక్ అని లోపలే ఒక శాంప్లర్ ఉంది, మన వన్-షాట్స్‌ని అందులో వేసి వాయించి చెక్ చేసుకోవడానికి బాగుంటుంది, చూడ్డానికి మాత్రం ఇరవై ఏళ్ళ కిందటి సాఫ్ట్‌వేర్ లాగే ఉంటుంది.

రీపర్‌తో లూప్ లైబ్రరీ రాదు, ఖరీదైన సింథ్‌లు రావు అని కొందరు కంప్లయింట్ చేస్తారు. సాంపిల్స్ అమ్మేవాళ్ళకి అది మేలు అంటాను నేను. మిగతా సాఫ్ట్‌వేర్లతో వచ్చే లూప్స్‌ని మన పాటలో వాడుకోవచ్చు, కానీ వాటినే సాంపిల్స్‌గా విడిగా అమ్మడానికి లైసెన్స్ ఒప్పుకోదు, యాపిల్ లూప్స్ లైసెన్స్‌లో ఈ మాట నేరుగానే రాసి ఉంటుంది. రాయల్టీ-ఫ్రీ అన్న మాట చూసి ఏమైనా చేసుకోవచ్చు అనుకోకండి, అది పాటల్లో వాడుకోవడానికి, తిరిగి అమ్ముకోవడానికి కాదు. యూజర్లు సౌండ్స్ ఫ్రీగా పంచుకునే ఫ్రీసౌండ్ సైట్‌లో కూడా ప్రతి సౌండ్‌కీ లైసెన్స్ వేరేగా ఉంటుంది, సీసీ0 (హక్కులన్నీ వదులుకున్న లైసెన్స్) అయితే పర్వాలేదు, నాన్-కమర్షియల్ అని ఉన్నది ముట్టుకోవద్దు. సింథ్‌లో మనం చేసుకున్న సౌండ్స్‌కి చాలావరకు అభ్యంతరం ఉండదు, ముందే రికార్డ్ చేసిన సాంపిల్స్ మీద నడిచే ఇన్‌స్ట్రుమెంట్లలో మాత్రం ఎక్కువ కంపెనీలు ఒప్పుకోవు, అగ్రిమెంట్ చదివి తీరాలి. ఖాళీ రీపర్‌లో మనం రికార్డ్ చేసింది తప్ప వేరే ఏదీ ప్యాక్‌లోకి దూరదు, అది పెద్ద ధైర్యం.

అమ్మే దగ్గర రీపర్ చేసే సాయం ఏమీ లేదు, అది మన తిప్పలే. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, అమ్మకాలు 5,000 డాలర్లు దాటితే 10 శాతానికి దిగుతుంది, పేమెంట్ ఛార్జీలు విడిగా. గమ్‌రోడ్‌లో మన లింక్ ద్వారా వస్తే తక్కువ కోత, వాళ్ళ డిస్కవర్ పేజీ నుంచి కొనేవాళ్ళు వస్తే 30 శాతం. మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కొద్దిమంది ఉన్నా సొంత లింకే లాభం, ఎవరూ తెలియనప్పుడు పెద్ద స్టోర్ కోత భరించడం తప్పదు. సౌండ్ ఎఫెక్ట్స్ అయితే పాండ్5లో కూడా పెట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టినా వెంటనే డబ్బు వచ్చిపడదు, ప్యాక్ మీద ప్యాక్ పేరుకున్నాకే కదలిక కనిపిస్తుంది, అందుకే ఒక్కో ప్యాక్‌కి పట్టే టైమ్ గురించి ఇంతగా చెప్తున్నా.

రికార్డ్ చేసిన సౌండ్స్‌తో పని చేసేవాళ్ళు, అంటే వన్-షాట్స్, పెర్కషన్, సౌండ్ ఎఫెక్ట్స్, వాయిస్ ముక్కలు, వీళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. సింథ్ లూప్స్, బీట్స్ మాత్రమే చేసేవాళ్ళు ఇప్పుడు వాడుతున్న సాఫ్ట్‌వేర్ వదలాల్సిన పని లేదు, అక్కడ చేసుకుని కోయడానికీ ఎక్స్‌పోర్ట్‌కీ మాత్రం రీపర్‌లోకి తెచ్చుకోండి, చాలామంది అలాగే వాడుతున్నారు. పాత లాప్‌టాప్ అయినా భయం లేదు, విండోస్ ఇన్‌స్టాలర్ పాతిక మెగాబైట్లు కూడా ఉండదు, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ట్రయల్ మొదలుపెట్టేముందు ఒక పొడుగాటి టేక్ రికార్డ్ చేసి చేతిలో పెట్టుకోండి, డైనమిక్ స్ప్లిట్ నుంచి రెండర్ మ్యాట్రిక్స్ దాకా ఆ ఒక్క టేక్‌తో ఒక పూట కూర్చుంటే ఇది మీకు సరిపడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.