రిజర్వు అందలేదు: నాణేల వేలం యాప్‌తో నాలుగేళ్లు

ఫొటోలు, ప్యాకింగు, కొరియరు బాగానే ఉంటాయి, వాటి జోలికి పోను. నా కడుపుమంటంతా తెర మీద కనబడే ఒక్క మాట మీదే: ‘రిజర్వు అందలేదు’. రిజర్వంటే అమ్మేవాడు పైకి చెప్పకుండా పెట్టుకున్న కనీస ధర, పాట అక్కడికి చేరకపోతే నాణెం ఇవ్వడు.

నేను కూడబెట్టేది హాలీ సిక్కా, అంటే నిజాం కాలపు హైదరాబాద్ నాణేలు, అందులోనూ చార్మినార్ రూపాయిలు. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొత్తలో వేసిన వాటి మీద, చార్మినార్ గుమ్మంలో ఆయన పేరు మొదటి అక్షరం ‘ఐన్’ పొట్టిగా ఉంటుంది. తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. నిండు ఐన్ ఎక్కడైనా దొరుకుతుంది. నా తిరుగుళ్లన్నీ పొట్టిదాని కోసమే.

పోయిన దసరా ముందు ఒకటి కనబడింది. అరుగుదల తక్కువ, పాట మొదలు 500. నేనూ, ఇంకెవరో ఇద్దరూ కలిసి ఆరు వేలు దాటించాం. వాళ్లు ఆగిపోయారు. పైన నా పేరే, కింద అదే మాట. ఏడు అన్నాను, అందలేదు. ఎనిమిది, అందలేదు. అవతల మనిషే లేడు, నా మీద నేనే పాడుకుంటున్నాను! మా ఆవిడ వచ్చి ‘ఎవరితో పోటీ?’ అనడిగితే చెప్పడానికి పేరు లేదు. 9,500 దగ్గర టైము అయిపోయింది, నాణెం అమ్మేవాడి దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు మెసేజి: ‘10,500కైతే ఇచ్చేస్తాను సార్.’ అతని రిజర్వు ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు. నా జేబు లోతు మాత్రం అతనికి తెలిసిపోయింది. 1994లో బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో 450కి పోయిందంటే ఆ అంకె ఊరంతా విన్నదే కదా. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా రిజర్వు ఉందని తెలియజేసి అమ్ముకోవచ్చంటుంది, ఎంతో చెప్పమనదు.

మొదటి ఏడాది ఈ యాప్‌ను మా మిత్రులందరికీ ఎక్కించింది నేనే. గరిష్ఠ ధర ఒకసారి చెప్పేసి పడుకోవచ్చు, కావలసినంతే పెరుగుతుంది అని. అది రిజర్వు లేని పాటల సంగతని తర్వాత తెలిసింది. ఒక అర్ధరూపాయికి 3,000 పెట్టి పడుకుంటే, పోటీ ఎవరూ లేకుండానే 900 నుంచి ఒక్క ఉదుటున 2,800కి ఎక్కి కూర్చుంది. నా హద్దు రిజర్వును దాటింది కాబట్టి ధర నేరుగా అక్కడికే పోయిందట. పైన కమీషను, జీఎస్టీ.

అమ్మేవాడి భయం అర్థం కాక కాదు. రూపాయిలో తొమ్మిది గ్రాముల వెండే ఉంటుంది, 500కి మొదలుపెట్టి 700కి పోతే వెండి ఖరీదు కూడా రాదు. కానీ అప్పుడు మొదలే పదివేలు అనొచ్చుగా! అంటే జనం చేరరు, అదీ సంగతి.

వందలకొద్దీ కొనే డీలర్లకు ఇదొక లెక్క కాదేమో. నాది నెలకో నాణెం బేరం, అందుకే రిజర్వు ఉందంటే ఒక్క పాట పాడి ఊరుకుంటున్నాను. యాప్ మాత్రం తీసెయ్యలేదు. నిన్న అదే రూపాయి మళ్లీ పెట్టారు, ఈసారి రిజర్వు లేదు, మొదలే 9,000. పాప ఫీజు కట్టాల్సింది ఈ వారమే. పాట ఆదివారం ముగుస్తుంది.