శంషాబాద్ నుంచి దూరదేశపు టికెట్: రూట్లు ఆగిపోయిన ఏళ్లలో ఎవరి సేవ నిలబడింది?

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా అమెరికా టికెట్ కొనేవాళ్లు మొదట అడిగేది రేటు. ఆ తర్వాత అడిగేది లగేజీ ఎన్ని కిలోలని. మూడో ప్రశ్న ఇంకోటి ఉంది. అది 2020 మార్చిలో కరోనాతో విమానాలు ఆగేదాకా పెద్దగా ఎవరికీ తట్టలేదు: ఈ విమానం రద్దయితే నా పైసలు ఎవరి చేతిలో ఉంటాయి?

ఇది ఆ మూడో ప్రశ్న పట్టుకుని రాస్తున్న రివ్యూ. మన దగ్గర దూరదేశపు టికెట్ కొనడానికి మూడు దారులున్నాయి: ఊళ్లోని ట్రావెల్స్ ఆఫీసు, ఆన్‌లైన్ బుకింగ్ సైట్లు, నేరుగా విమాన సంస్థ. అంతా సవ్యంగా నడిచే రోజుల్లో మూడూ ఒకేలా కనిపిస్తాయి. రూట్లు ఎత్తేసిన రెండేళ్లలో మాత్రం తేడా బయటపడింది. తీర్పు ముందే చెప్పేస్తాం. సంస్థ దగ్గర నేరుగా కొన్నవాళ్లకు ఆలస్యంగానైనా డబ్బు వచ్చింది. ఊళ్లో మంచి ఏజెంటు దగ్గర కొన్నవాళ్లకు డబ్బుతో పాటు దారి కూడా దొరికింది. రెండు మూడు వేలు తక్కువని ఆన్‌లైన్ సైటులో కొన్నవాళ్లు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

2020 మార్చి 22 నుంచి మన దేశానికి రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. అవి పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో 2020 మే 7 నుంచి విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే ప్రభుత్వ 'వందే భారత్' విమానాలు, జులై నుంచి ఎయిర్ బబుల్ ఒప్పందాలు (రెండు దేశాలు మాట్లాడుకుని పరిమితంగా విమానాలు నడుపుకునే ఏర్పాటు) నడిచాయి. హైదరాబాద్ వాళ్లకు దెబ్బ ఎక్కువగా తగలడానికి ఒక కారణముంది. అప్పట్లో మనకు అమెరికాకు నేరు విమానం లేదు. దుబాయ్, దోహా, అబుదాబి, లండన్ లాంటి చోట దిగి మారాల్సిందే. మార్చి చివర్లో యూఏఈ ట్రాన్సిట్‌తో సహా అన్నీ ఆపేసరికి, డాలస్ ఎయిర్‌పోర్టు తెరిచే ఉన్నా అక్కడికి చేరే దారి మూసుకుపోయింది.

దూరపు రూట్లనే ముందు ఎందుకు కోశారని చాలామంది కోపంగా అడిగారు. లెక్క ఇలా ఉంటుంది. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం సుమారు 350 మందిని మోస్తుంది. ఆ సీట్లను నింపేది హైదరాబాద్ వాళ్లు మాత్రమే కాదు. కొచ్చి, ఢాకా, కొలంబో నుంచి వచ్చిన జనమంతా హబ్‌లో, అంటే దుబాయ్ లాంటి విమానం మారే చోట, కలిసి ఆ విమానం ఎక్కుతారు. చిన్న రూట్లు ఆగితే పెద్ద రూటుకు జనం ఉండరు. పైగా పదహారు గంటల ప్రయాణానికి నలుగురు పైలట్లు కావాలి, దిగిన చోట వాళ్లకు విశ్రాంతి కావాలి. ఆ దేశంలో క్వారంటైన్ నిబంధన ఉంటే సిబ్బందిని తిప్పడమే కష్టం. అందుకే బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ 2020 జులైలోనే తమ పెద్ద విమానాలైన 747లకు శాశ్వతంగా సెలవిచ్చాయి. కోయడంలో తప్పు లేదు. కోసిన తర్వాత ప్రయాణికుడితో ఎలా నడుచుకున్నారన్నదే మనం చూడాల్సింది.

ఇక టికెట్ దగ్గరికి వద్దాం. ఏజెంటు వాట్సాప్‌లో పంపే కాగితం మీద ఆరు అక్షరాల పీఎన్ఆర్ కనిపిస్తే చాలు, టికెట్ వచ్చిందనుకుంటారు. పీఎన్ఆర్ అంటే సీటు పట్టి పెట్టడమే. టికెట్ అంటే పదమూడు అంకెల నంబరు. అందులో మొదటి మూడు అంకెలు విమాన సంస్థవి: 176 అంటే ఎమిరేట్స్, 157 అంటే ఖతార్, 125 అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్, 098 అంటే ఎయిర్ ఇండియా. మీరు ఎక్కేది ఎవరి విమానమైనా, మీ డబ్బు చేరేది ఈ మూడంకెల సంస్థకే. రీఫండ్ ఇవ్వాల్సింది కూడా అదే. డబ్బు కట్టాక కూడా కాగితం మీద ఆ పదమూడు అంకెలు లేకపోతే టికెట్ ఇంకా తీయలేదని అర్థం. గడువు దాటితే ఆ పీఎన్ఆర్ దానంతటదే పోతుంది. 2020లో కొందరి విషయంలో రీఫండ్ గొడవ ఇక్కడే మొదలైంది: సంస్థకు అసలు డబ్బే చేరలేదు.

ఊళ్లోని ట్రావెల్స్ గురించి న్యాయంగా మాట్లాడాలి. జిల్లా కేంద్రాల్లో ఉండే ఆఫీసుల్లో ఎక్కువ వాటికి సొంతంగా అయాటా (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) గుర్తింపు ఉండదు. వాళ్లు హైదరాబాద్‌లోని పెద్ద ఏజెన్సీ దగ్గర, అంటే కన్సాలిడేటర్ దగ్గర, టికెట్ తీసి మనకు ఇస్తారు. డబ్బు వెళ్లిన దారినే వెనక్కి రావాలి: సంస్థ నుంచి బీఎస్పీ అనే లెక్కల వ్యవస్థ ద్వారా కన్సాలిడేటర్‌కు, అక్కడి నుంచి ఊళ్లోని ఏజెంటుకు, చివరికి మనకు. మామూలు రోజుల్లో ఏజెంటు అమెడియస్, గెలీలియో లాంటి టికెట్ బుకింగ్ వ్యవస్థలో ఒక కమాండ్ కొడితే రీఫండ్ పడిపోయేది. 2020 వసంతంలో చాలా సంస్థలు ఆ సౌకర్యాన్ని మూసేశాయి. ఒక్కో టికెట్‌కు బీఎస్పీలింక్ అనే ఆ వ్యవస్థ వెబ్‌సైటులో విడిగా అప్లికేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. నెలలు పట్టింది అందుకే. ఏజెంటు తినేశాడని అందరూ అనుకున్నారు కానీ చాలాచోట్ల డబ్బు ఇంకా పైనే ఆగి ఉంది. కొన్నిచోట్ల మాత్రం కన్సాలిడేటర్ దాన్ని ఏజెంటు వాలెట్‌లో జమ చేశాడు, ఏజెంటు ఆ వాలెట్‌తో ఇంకొకరి టికెట్ తీశాడు, అసలు ప్రయాణికుడికి కబురే లేదు. ఇది మోసమే, ఇంకో పేరు లేదు.

తేల్చుకోవడానికి ఒక మార్గముంది. పదమూడు అంకెల నంబరు పట్టుకుని విమాన సంస్థకే ఫోన్ చేసి టికెట్ స్టేటస్ అడగండి. 'ఓపెన్' అంటే డబ్బు ఇంకా టికెట్‌లోనే ఉంది. 'రీఫండెడ్' అంటే సంస్థ తన వైపు నుంచి ఇచ్చేసింది, ఇక అడగాల్సింది ఏజెంటునే. తేదీ కూడా చెప్పమనండి. ఆ తేదీ చెప్పగానే కౌంటర్లో మాట తీరు మారిపోతుంది. ఏజెంటు ద్వారా కొన్నా రీఫండ్ బాధ్యత విమాన సంస్థదేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఉంది. అందుకని రెండు వైపులా రాతపూర్వకంగా అడగాలి. నగదు కట్టినవాళ్లు జీఎస్టీ బిల్లు తీసుకోకపోతే ఇక్కడే చిక్కుకుంటారు.

మంచి ఏజెంటు చేసిన మేలు మాత్రం ఏ వెబ్‌సైటూ చేయలేదు. ఏ రోజు ఏ దేశం ఎవరిని ఎక్కనిస్తోందో చెక్‌ఇన్ కౌంటర్లో టైమాటిక్ అనే వ్యవస్థలో చూస్తారు. ఎయిర్ బబుల్ ఒప్పందాల్లో కొన్ని ఆ రెండు దేశాల మధ్య ప్రయాణానికే ఒప్పుకున్నాయి, మూడో దేశానికి కనెక్షన్ ఇవ్వలేదు. ఆన్‌లైన్ సైటు మాత్రం ఇవేమీ చూడకుండా టికెట్ అమ్మేసింది. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో కారు కట్టించుకుని వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర ఆగిపోయారు. రోజూ ఇదే పనిలో ఉన్న ఏజెంటు అయితే ఆ టికెట్ తీయనిచ్చేవాడే కాదు.

ఆన్‌లైన్ సైట్ల గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఫోన్ ఎత్తలేదు. ఎత్తితే విమాన సంస్థను అడగమన్నారు, సంస్థేమో సైటునే అడగమంది. కన్వీనియన్స్ ఫీజు తిరిగి ఇవ్వలేదు. రెండు వేర్వేరు సంస్థల టికెట్లను పక్కపక్కన పెట్టి ఒకే ప్రయాణంలా చూపించడం వీటి పెద్ద లోపం. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఒక టికెట్, దుబాయ్ నుంచి న్యూయార్క్ ఇంకో టికెట్ అయితే, మొదటిది రద్దయినా రెండో సంస్థకు సంబంధం లేదు. మీరు రాలేదు కాబట్టి నో-షో అంటుంది, డబ్బు పోతుంది. కొనేముందు చూడాల్సింది ఒక్కటే: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ నంబరు మీద ఉందా? బ్యాగు శంషాబాద్‌లో వేస్తే చివరి ఊళ్లోనే తీసుకునేలా ట్యాగ్ పడుతుందా? లేదంటే రేటు ఎంత తక్కువైనా వద్దు.

నేరుగా విమాన సంస్థ దగ్గర కొన్నవాళ్ల కష్టం వేరు. కాల్‌సెంటర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి, డబ్బు బదులు వోచర్ అంటగట్టాలని చూశాయి. ప్రయాణికుల కోపమంతా దీని మీదే. మన సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న తీర్పిచ్చింది. లాక్‌డౌన్ కాలంలో, ఆ కాలపు ప్రయాణానికే కొన్న టికెట్లకు వెంటనే పూర్తి రీఫండ్ ఇవ్వాలంది. అంతకుముందు కొన్న టికెట్ల విషయంలో, చెల్లించలేని స్థితిలో ఉన్న దేశీయ సంస్థలు 2021 మార్చి 31 దాకా చెల్లే క్రెడిట్ షెల్ (తర్వాతి టికెట్‌కు వాడుకునే జమ) ఇవ్వొచ్చని, దాని విలువ 2020 జూన్ 30 వరకు నెలకు 0.5 శాతం, తర్వాత 0.75 శాతం పెంచాలని, వాడకపోతే గడువు చివర డబ్బే ఇవ్వాలని చెప్పింది. ఆ షెల్‌ను ఇంకొకరి పేరు మీదకు మార్చుకునే వీలు కూడా ఉందని చాలామందికి తెలియలేదు.

అమెరికా వైపు నిబంధన ఇంకా గట్టిది. అక్కడికి వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాన్ని సంస్థ రద్దు చేస్తే, అది ఏ దేశపు సంస్థైనా డబ్బే ఇవ్వాలని ఆ దేశ రవాణా శాఖ 2020 ఏప్రిల్ 3న నోటీసు ఇచ్చింది. 2022 నవంబర్‌లో ఆ శాఖ ఆరు సంస్థల మీద చర్య తీసుకుంటే, ఎయిర్ ఇండియా ఒక్కటే 12.15 కోట్ల డాలర్ల రీఫండ్లు చెల్లించాల్సి వచ్చింది, పైన 14 లక్షల డాలర్ల జరిమానా. ఇప్పుడు అక్కడి నియమం ప్రకారం క్రెడిట్ కార్డుతో కడితే ఏడు పనిదినాల్లో రీఫండ్ రావాలి. హైదరాబాద్–డాలస్ టికెట్‌కు కూడా ఇది వర్తిస్తుంది. అందుకే అమెరికా టికెట్‌కు వోచర్ ఇస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఏ దారిలో కొన్నా, ఎక్కువ నష్టపోయింది తొందరపడినవాళ్లు. విమానం ఎలాగూ వెళ్లదని తెలిసి, ముందే తామే క్యాన్సిల్ చేసుకున్నారు. సంస్థ రద్దు చేస్తే పెనాల్టీ ఉండదు, నాన్-రీఫండబుల్ టికెట్‌కు కూడా పూర్తి డబ్బు వస్తుంది. ప్రయాణికుడు ముందుగా రద్దు చేసుకుంటే అది స్వచ్ఛందం కింద లెక్క, పెనాల్టీ కోసుకుంటారు. పీఎన్ఆర్‌లో హెచ్‌కే అని ఉంటే సీటు కన్ఫర్మ్, యూఎన్ అని మారితే ఆ విమానం నడవడం లేదని. ఆ యూఎన్ పడేదాకా ఓపిక పట్టాలి. అయితే విమానం టైముకు ముందు రోజు కూడా ఏమీ మారకపోతే, నో-షో కాకుండా ఏజెంటుతో తేదీ మార్పించుకోవాలి.

వందే భారత్ సేవకు మాత్రం మంచి మార్కులే వేయాలి. ఎంబసీలో పేరు నమోదు, ముందు గర్భిణులు, వృద్ధులు, వీసా అయిపోయినవాళ్లు అన్న క్రమం సరైనది. అమెరికా నుంచి సుమారు లక్ష, లండన్ నుంచి 50 వేలు టికెట్. దాని మీద 2020 మే చివరి నుంచి ఏడు రోజులు సొంత ఖర్చుతో క్వారంటైన్, మరో ఏడు రోజులు ఇంట్లో. ఖరీదే. కానీ ఇంకో దారి లేని రోజులవి.

ఆ కాలంలోనే హైదరాబాద్‌కు ఒక మంచి కబురు కూడా వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మన దగ్గర నుంచి షికాగోకు నేరు విమానం మొదలుపెట్టింది, 238 సీట్ల 777-200ఎల్ఆర్. వారానికి ఒక్కటే. వారానికి ఒక్క విమానమంటే, అది రద్దయితే మళ్లీ వారం ఆగాలి. ఆ సర్వీసు కొనసాగలేదు. నేరు విమానం కొనేటప్పుడు వారానికి ఎన్ని రోజులుందో అడగాలి. రోజూ నడిచే వన్-స్టాప్ కన్నా వారానికోసారి నడిచే నాన్-స్టాప్ వృద్ధులకు నమ్మకమైంది కాదు.

కెనడాకు చదువుకు వెళ్లే మన పిల్లలు పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబర్ 26 దాకా మన నుంచి నేరు విమానాలను ఆ దేశం ఆపింది. మూడో దేశం మీదుగా వెళ్లొచ్చు కానీ ఇండియాలో చేయించిన కరోనా పరీక్ష చెల్లదు, ఆ మూడో దేశంలోనే చేయించుకోవాలి. సూర్యాపేట, వనపర్తి నుంచి అడ్మిషన్ వచ్చినవాళ్లు మాల్దీవులు, మెక్సికో తిరిగి వెళ్లారు. నిషేధం తీసేశాక కూడా నేరు విమానానికి ఢిల్లీ ఎయిర్‌పోర్టులోని ఒక్క ల్యాబులోనే, బయల్దేరే 18 గంటల లోపు పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి చిక్కుకున్న అమ్మానాన్నల విషయంలో రెండు పనులు తేడా తెచ్చాయి. ఒకటి, ఐ-94 (అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు తీరకముందే ఐ-539 (ఆ గడువు పొడిగించమనే దరఖాస్తు) పెట్టడం. అప్పట్లో ఫీజు 370 డాలర్లు, బయోమెట్రిక్స్‌కు 85. గడువు దాటాక పెట్టినవాళ్లకు తర్వాత వీసా చిక్కులు. రెండు, బీపీ, షుగర్ మాత్రలు. తిరుగు టికెట్ తేదీకి సరిపడా మాత్రమే పట్టుకెళ్లినవాళ్లకు అక్కడ డాక్టర్ చీటీ లేకుండా దొరకలేదు. రెండు నెలల మాత్రలు అదనంగా, కంపెనీ పేరు కాక మందు అసలు పేరుతో ఉన్న చీటీతో సహా చేతి సంచిలో పెట్టాలి.

చివరగా, ఏజెంట్లు పీఎన్ఆర్‌లో తమ ఫోన్ నంబరు, తమ మెయిలే పెడతారు. రద్దు మెసేజీ రాత్రి రెండింటికి మూసి ఉన్న ఆఫీసు మెయిల్‌కు వెళుతుంది, ప్రయాణికుడికి తెలియదు. టికెట్ చేతికి రాగానే విమాన సంస్థ సైటులో మేనేజ్ బుకింగ్‌లోకి వెళ్లి మీ మొబైల్ నంబరు, అమెరికాలో ఉన్న బిడ్డ మెయిల్ రెండూ చేర్చండి. బయల్దేరే రోజు ఇంటి దగ్గర ఒకసారి చూడండి. పాలమూరు వాళ్లు రాయికల్ టోల్ దగ్గర, నల్లగొండ వాళ్లు పంతంగి టోల్ దగ్గర కారు పక్కకు ఆపి మరోసారి చూడండి. అక్కడి నుంచైతే ఇంకా ఇంటికి తిరిగి వెళ్లొచ్చు.