గీత వంగని లెన్స్, బిగువు లేని మర

24 ఎంఎం షిఫ్ట్ లెన్స్ ఇది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బరువు, ఆటోఫోకస్ లేకపోవడం అందరికీ తెలిసినవే. నేను దీన్ని వదలకపోవడానికి కారణం పక్కనుండే చిన్న మర. కెమెరాను పైకెత్తకుండా గోడకు సమాంతరంగా ఉంచి ఆ మర తిప్పితే, లెన్స్ ఒక్కటే పైకి జరుగుతుంది, షిఫ్ట్ అంటే ఇదే. శిఖరం దాకా ఫ్రేములోకి వస్తుంది, స్తంభాలు మాత్రం లోపలికి వాలవు.

ఓరుగల్లు కోటలోని తోరణం ఎదుట నిలబడితే దీని విలువ తెలుస్తుంది. అక్కడ కమాను లేదు, నిలువు స్తంభాలు, వాటిమీద అడ్డదూలాలు. మామూలు లెన్స్‌తో కాస్త తల ఎత్తి తీసినా తోరణం వెనక్కి పడిపోతున్నట్టే వస్తుంది. దీంతో తీసిన ఫొటోను ప్రింటు వేసి, స్కేలు పెట్టి కొలిచి, అదే నిష్పత్తిలో మోడల్ కోసం సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) కోశాను. దూలం స్తంభాల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. కట్టడాల చిన్న మోడల్స్ చేసి బతికేవాడికి అంతకంటే ఏం కావాలి? ఫోన్ యాప్‌లో నిటారుగా లాగితే సరిపోదా అంటాడు మా తమ్ముడు. చూడ్డానికి సరిపోతుంది. కానీ అలా లాగినప్పుడు ఎత్తుకీ వెడల్పుకీ మధ్య లెక్క మారిపోతుంది.

ఇక నా కడుపుమంట, తాళం మర, అంటే పైకి జరిపిన లెన్స్‌ను అక్కడే ఆపి ఉంచాల్సిన రెండో మర. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం 2024లో మళ్లీ తెరిచాక ఫొటోలకు వెళ్లాను. రక్షిత కట్టడాల్లో అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు, కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్నాను. మండపం లోపల చీకటి, బయట మండే ఎండ. అందుకే తర్వాత ఒకటిగా కలుపుదామని, ఒకే ఫ్రేమును వెలుతురు ఎక్కువ తక్కువలతో (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో) వరసగా తీశాను. ఇంటికొచ్చి కలిపితే చూరు రెండు చూర్లయింది! అప్పుడు గుర్తొచ్చింది, సర్దేటప్పుడు, ఎంత జరిపామో చూపే లెన్స్ మీది గీత నేను పెట్టిన 10 మిల్లీమీటర్ల దగ్గర లేదు, 7కి దిగి ఉంది. మర ఎంత బిగించినా ముందు గాజు బరువుకు మెల్లగా జారుతోందన్నమాట. రిపేరు షాపువాడు డబ్బు తీసుకుని బిగించి ఇచ్చాడు, వానాకాలం వచ్చేసరికి మళ్లీ మొదలు. ఇప్పుడు షిఫ్ట్ పెట్టగానే నల్ల ఇన్సులేషన్ టేపు చుడుతున్నాను. వేలల్లో కొన్న వస్తువుకు టేపు!

పైన కొలతల గురించి అంత పొగిడానుగానీ, అది ఒకే తలంలో ఉన్న ముఖానికే. రామప్పలో నక్షత్రాకారపు అరుగు మూలలు ముందుకొస్తూ వెనక్కి పోతూ ఉంటాయి. వాలుగా తిరిగిన ముఖాలు ఫొటోలో కురచగా పడతాయి. అక్కడ ముందు ప్లాన్ (పైనుంచి చూస్తే కనిపించే ఆకారం) గీసుకోవాలి, ఫొటో ఎత్తులకే పనికొస్తుంది.

పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసేవాళ్లకు నేనైతే చెప్పను. నాకు కాకతీయ కట్టడాలు బండి మీద వెళ్లే దూరంలో ఉన్నాయి, మోడల్ ఆర్డర్లూ వస్తున్నాయి కాబట్టి గిట్టుబాటయింది. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు గాజు మీద గీతలకంటే ముందు షిఫ్ట్ మొత్తం పైకి లేపి, తాళం బిగించి, టీ తాగి వచ్చి అంకె చూడండి. దిగి ఉంటే బేరం అయినా ఆడండి, లేదా వదిలేయండి.